మొదటి బోటు పాతదే కొనండి, చిన్నదే కొనండి

ఈ ఏడాది ఇప్పటికి నలుగురు అడిగారు నన్ను, "బోటు కొందామనుకుంటున్నాం, ఏది కొనమంటావ్?" అని. నలుగురూ మనవాళ్ళే, నలుగురూ డాలస్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. చేపలు పట్టడం మొదలెట్టి ఏ ఒక్కరికీ రెండేళ్ళు నిండలేదు. వాళ్ళు పంపిన ఫొటోలు మాత్రం కూడబలుక్కున్నట్టు ఒకేలా ఉన్నాయి: ఇరవై అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు, ఎండలో తళుక్కుమనే ఎర్రరంగు, వెనకాల 225 హార్స్‌పవరో 250 హార్స్‌పవరో మోటారు, కింద "నెలకి ఇంతే" అని చిన్న అంకె.

నా సమాధానం కూడా నలుగురికీ ఒకటే. వద్దు. పదహారు పదిహేడు అడుగుల పాత అల్యూమినియం బోటు, 40 నుంచి 75 హార్స్‌పవర్ మధ్యలో మోటారున్నది, అప్పు చెయ్యకుండా చేతిలో ఉన్న డబ్బుతో కొనండి. నలుగురిలో ఇద్దరికి ఇది రుచించలేదు. "మరీ పిసినారిలా మాట్లాడతావేంట్రా" అన్నాడొకడు. పిసినారితనం కాదు నాయనా, కారణాలున్నాయి.

తెలియనివాళ్ళ కోసం ముందో మాట. బాస్ అంటే ఆఫీసులో బాసు కాదు, చేప. లార్జ్‌మౌత్ బాస్, అంటే నోరు పెద్దదన్నమాట (ఆ లెక్కన ఆఫీసు బాసుకీ పేరు సరిపోతుందనుకోండి). కులం వేరైనా గుణం చూస్తే మన కొర్రమీనే. నాచులో, మునిగిన చెట్ల మొదళ్ళ పక్కన మాటు వేసి, కప్పో చిన్న చేపో అటుగా వెళ్తే ఒక్క ఉదుటున మింగుతుంది. ఊళ్ళో కప్పని గేలానికి గుచ్చి కొర్రమీను పట్టినవాడికి ఇక్కడ రబ్బరు కప్పతో బాస్ పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నట్టు ఆ కొర్రమీను జాతి మొత్తాన్నీ బతికున్నవాటిని అమెరికాలోకి తేవడం 2002 నుంచి నిషేధం. వాటికి హెచ్-1బి కూడా లేదు పాపం.

ఇక బాస్ బోటు అంటే, నీళ్ళకి తక్కువ ఎత్తులో బల్లపరుపుగా ఉండి, ముందూ వెనకా నిలబడి గేలం విసరడానికి అరుగుల్లాంటి డెక్కులు, పట్టిన చేపని ప్రాణాలతో ఉంచడానికి నీటితొట్టి, ముందు వైపు కాలితో నడిపే చిన్న ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు, వెనక పెట్రోలు మోటారు. వెనకది చోటికి చేరుస్తుంది, ముందుది చేప దగ్గర చప్పుడు కాకుండా నడిపిస్తుంది. చేపలు పట్టే పనంతా ఆ ముందు మోటారుతోనే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మరి వెనక 250 హార్స్‌పవర్ ఎందుకొచ్చిందయ్యా అంటే, పోటీల వల్ల. 1967లో రే స్కాట్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు ఆర్కన్సాలోని బీవర్ లేక్ మీద పెద్ద బాస్ టోర్నమెంటు పెట్టాడు, మరుసటేడు జాతీయ స్థాయిలో ఒక సంఘమే కట్టాడు. టోర్నమెంటులో పొద్దున్నే అందరూ బయల్దేరతారు, మంచి చోటికి ముందు చేరినవాడిదే ఆ చోటు. కాబట్టి వేగం కావాలి, వేగం కోసం గుర్రాలు పెరుగుతూ పోయాయి. అది పోటీకి వెళ్ళేవాడి అవసరం. శనివారం పొద్దున రెండు మైళ్ళు వెళ్ళి, నాలుగు గంటలు నిలబడి, మధ్యాహ్నం పిల్లల సంగీతం క్లాసు టైముకి ఇంటికి రావాల్సిన మనకి గంటకి డెబ్భై మైళ్ళ వేగం దేనికో నాకర్థం కాదు. దీనికి పూర్తిగా ఎదురు దారి 1978లోనే వచ్చింది. జానీ మోరిస్ అల్యూమినియం బోటుకి మోటారూ, ట్రైలరూ జతచేసి, మొత్తానికి ఒకే ధర పెట్టి 'బాస్ ట్రాకర్' అని అమ్మాడు. మామూలు ఉద్యోగస్తుడు బాస్ బోటు వైపు ధైర్యంగా చూడటానికి అది బాగా దారి చేసింది. ఆ వంశపు బోట్లే ఇవాళ పదేళ్ళూ పదిహేనేళ్ళూ వాడినవి మనకి సెకండ్‌హ్యాండులో దొరుకుతున్నాయి. కొత్తవాడికి అంతకంటే మంచి బడి లేదు.

సరే, అసలు గొడవకొద్దాం. డబ్బు.

నాకు తెలిసిన ఒకాయన ఉన్నారు, పేరెందుకులెండి. 2021లో, అంటే కరోనా పుణ్యమా అని జనమంతా బోట్ల మీద పడి ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు, ఓ పెద్ద గ్లాస్ బోటు కొన్నారు. పదిహేనేళ్ళ అప్పు. బోట్లకి అంత పొడుగు అప్పులు మామూలే, అందుకే ఆ "నెలకి ఇంతే" అనే అంకె అంత చిన్నగా, అంత ముద్దుగా కనపడుతుంది. 2023లో ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఆ అరవై రోజుల్లో ఉద్యోగం వెతుక్కోవాలా, ఇల్లు సర్దుకోవాలా, లేక బోటు కొనేవాణ్ణి వెతకాలా? అమ్మబోతే వచ్చే ధర కంటే కట్టాల్సిన బాకీయే ఎక్కువ తేలింది. తేడా జేబులోంచి బ్యాంకుకి కట్టి, బోటు వదిలించుకుని ఊపిరి పీల్చుకున్నారు. అదృష్టం బాగుండి ఉద్యోగం దొరికింది, ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు మాత్రం చేపల మాటెత్తితే ఆయన మొహం చూడాలి.

ఆయన తెలివితక్కువవాడు కాదు, నాకంటే పెద్ద ఆర్కిటెక్టు. కానీ లెక్క చూడండి: వీసా మూడేళ్ళది, బోటు అప్పు పదిహేనేళ్ళది. ఇంటి మీద అప్పంటే సరే, నీడుంటుంది, ధర పెరిగే అవకాశమైనా ఉంటుంది. బోటు ధర కొన్న రోజు నుంచీ దిగడమే. పదిహేనేళ్ళు వాడిన అల్యూమినియం బోటు దిగాల్సినంత అప్పటికే దిగిపోయి ఉంటుంది. ఎనిమిది తొమ్మిది వేలకి కొని రెండేళ్ళు వాడి, జాగ్రత్తగా ఉంచుకుంటే దాదాపు అదే ధరకి అమ్ముకోవచ్చు. "చిన్నది కొంటే రెండేళ్ళలో మళ్ళీ మార్చాలి కదా" అనేవాళ్ళకి ఇదే నా జవాబు. మార్చండి! రెండేళ్ళ తర్వాత మీకేం కావాలో మీకు తెలుస్తుంది, ఇప్పుడు తెలియదు. రిక్వైర్‌మెంట్లు తెలియకుండా సర్వర్లు కొనకూడదని క్లయింటుకి చెప్పేది మనమే కదా.

ఇంకోటి, బోటు ఒంటరిగా రాదు. గోచీని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని, ఆవుని కాయడానికి మనిషిని తెచ్చుకున్న సన్యాసి కథ చిన్నప్పుడు విన్నాం కదా, అచ్చంగా అదే. పెద్ద గ్లాస్ బోటు ట్రైలరుతో కలిపి నాలుగైదు వేల పౌన్లు తూగుతుంది. దాన్ని లాగడానికి ట్రక్కు కావాలి. మన డాలస్ శివార్లలో చాలా కాలనీల సంఘాలు ఇంటి ముందు బోటు పెట్టనివ్వవు, కాబట్టి నెలనెలా అద్దె కట్టి స్టోరేజీ. దానిమీద ఇన్సూరెన్సు. ఆపైన పెట్రోలు: ఫుల్ థ్రాటిల్‌లో మోటారు గంటకి తాగేది హార్స్‌పవర్‌లో పదో వంతు గాలన్లని ఓ మోటు లెక్కుంది. 250 అయితే పాతిక గాలన్లు, 50 అయితే ఐదు. పదిహేడు అడుగుల అల్యూమినియం బోటు ట్రైలరుతో కలిపి సుమారు రెండు వేల పౌన్లు. 3500 పౌన్లు లాగగల హోండా ఒడిస్సీ మన ఇళ్ళలో సగం మందికి ఎలాగూ ఉంది, హిచ్ ఒకటి బిగిస్తే చాలు. ట్రైలరు ముందు కడ్డీ మడతపడే రకమైతే మామూలు గరాజులో కూడా పట్టొచ్చు, టేపు పట్టుకెళ్ళి కొలుచుకోండి.

ఇక పాత బోటు ఎలా చూడాలి? నన్నడిగితే అసలు విద్యంతా ఇక్కడే ఉంది. కొనేవాళ్ళు ముందు సీట్లు చూస్తారు, తివాచీ చూస్తారు, ఫిష్ ఫైండర్ తెర ఎంత పెద్దదో చూస్తారు. అమ్మేవాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే అవి మాత్రం కడిగి తుడిచి పెడతాడు. వాటికి నేను పైసా విలువ కట్టను. తివాచీ ఒక వారాంతంలో మార్చుకోవచ్చు, ఎలక్ట్రానిక్స్ ఎలాగూ మన ఫోన్లలాగే పాతబడతాయి. పాత బోటు ధరలో సింహభాగం మోటారుదే, కాబట్టి మీరు కొంటున్నది మోటారు, దాంతో పాటు బోటు ఊరికే వస్తోందనుకోండి.

వెళ్ళగానే మోటారు మూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరొచ్చే ముందే ఒకసారి స్టార్ట్ చేశాడన్నమాట. చల్లటి మోటారు ఎలా అందుకుంటుందో మీకు చూపించడం ఆయనకి ఇష్టం లేదేమో. అందుకే "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దండీ" అని ముందే ఫోన్లో చెప్పేస్తాను నేను. ఇంటి దగ్గర స్టార్ట్ చేస్తే గొట్టంతో నీళ్ళు పెట్టి మాత్రమే చెయ్యాలి. నీళ్ళు లేకుండా తిప్పితే నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లర్ కాసేపట్లోనే పాడవుతుంది. స్టార్ట్ అయ్యాక మోటారు పక్కనుంచి సన్నటి నీటిధార ఆగకుండా రావాలి.

తర్వాత కంప్రెషన్. ప్రతి సిలిండర్‌కీ గేజి పెట్టి చూడాలి. అంకె ఎంత అన్నదానికంటే అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. పదిశాతం కంటే తేడా ఉంటే నేను బేరం కూడా ఆడను, థాంక్స్ చెప్పి కారెక్కుతాను. గేజి లేకపోతే ఆటో పార్ట్స్ షాపుల్లో అరువుకిస్తారు. ఆ తర్వాత కింద గేర్లుండే లోయర్ యూనిట్. కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు నూనె బయటికి రానివ్వండి. నూనె నూనెలా ఉంటే సరే, పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్ళు పోతున్నాయి. స్క్రూ చివర అయస్కాంతానికి మెత్తటి బూడిదలాంటిది అంటుకుంటే పర్లేదు, ముక్కలు కనపడితే గేర్లు అరిగిపోతున్నట్టే. టెక్సస్‌లో ఇది మరీ ముఖ్యం. ఇక్కడి లేకులు దాదాపు అన్నీ ఆనకట్ట కట్టి నింపినవే, చాలా చోట్ల చెట్లు కొట్టకుండానే నీళ్ళు వదిలేశారు. 1992 జనవరిలో 18.18 పౌన్ల బాస్ పడి, ఇప్పటికీ చెరగని రాష్ట్ర రికార్డు పెట్టిన లేక్ ఫోర్క్ అలాంటిదే. ఆ మొదళ్ళే చేపలకి ఇల్లు, మన లోయర్ యూనిట్‌కి గండం.

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఫోర్ స్ట్రోక్ మోటారైతే మనలాంటివాళ్ళకి ఇంకో సుఖం. చాలావాటిలో ఎన్ని గంటలు నడిచింది, అందులో ఏ వేగంలో ఎన్ని గంటలు అన్నది దాని కంప్యూటర్లో ఉంటుంది. మెకానిక్ లాప్‌టాప్ తగిలించి చదివేస్తాడు. "ఏడాదికి నాలుగుసార్లేనండీ తీసేది, మా ఆవిడకి నీళ్ళంటే భయం" అని యజమాని ఎంత మధురంగా చెప్పినా లాగ్ ఫైల్ తన మాట తను చెప్తుంది. ఆ మెకానిక్‌కి నూటయాభై, రెండొందలు ఇవ్వడానికి వెనకాడకండి. ఏనుగుని కొనేవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదు. పాత కార్బ్యురేటర్ టూ స్ట్రోకులు చెడ్డవని కాదు, తేలిక, సులువు. కానీ పెట్రోల్లో ఇథనాల్ కలిసే ఈ రోజుల్లో నెలల తరబడి కదలకుండా పడుంటే కార్బ్యురేటర్లలో జిగురు పేరుకుంటుంది, మొదటి బోటుకి ఆ సేవ ఎందుకు? ఎవిన్‌రూడ్ కంపెనీ మోటార్ల తయారీ 2020లో ఆపేశారు. అవి ఇంకా బోలెడు నడుస్తున్నాయి, కొన్ని చాలా మంచివి కూడానూ. కాకపోతే ఆ మోటారు తెలిసిన మెకానిక్ మీ దగ్గర్లో ఉన్నాడో లేదో కనుక్కుని మరీ కొనండి. రాసినవాడు వెళ్ళిపోయిన కోడ్ మెయింటెయిన్ చెయ్యడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

మోటారు తర్వాత ట్రాన్సమ్, అంటే మోటారు వేలాడే వెనక పలక. అల్యూమినియం బోటే కదా అని మోసపోకండి, చాలా పాత బోట్లలో లోపల ప్లైవుడ్ ఉంటుంది, స్క్రూ కన్నాల్లోంచి నీళ్ళు దిగి కుళ్ళుతుంది. మోటారుని సగం పైకి లేపి, కింది చివర పట్టుకుని కిందికీ పైకీ ఊపండి. మోటారుతో పాటు పలక కూడా వంగుతుంటే ఇంక అక్కడ మనకి పనిలేదు. సుత్తి పిడితో తట్టి చూడండి: గట్టి చెక్క టక్ మంటుంది, కుళ్ళినది మెత్తగా పలుకుతుంది. చివరగా నీళ్ళలో దింపి ఓ అరగంట తిప్పాల్సిందే. నీళ్ళలో చూపించనన్నవాడి దగ్గర కొనకండి, ఎంత చవకైనా సరే. బయటికి లాగాక ప్లగ్గు తీసి ఎన్ని నీళ్ళు కారతాయో చూడండి, రివెట్ల సంగతి తెలుస్తుంది. ట్రైలరు చక్రాల మధ్య చెయ్యి పెట్టి చూస్తే బేరింగుల సంగతీ తెలుస్తుంది. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. ఆరేళ్ళు దాటితే గాళ్ళున్నా సరే మార్చాల్సిందే.

కాగితాల దగ్గర మనవాళ్ళు తడబడేది ఎక్కువగా ఒకే విషయంలో. టెక్సస్‌లో బోటుకి ఒక టైటిల్, మోటారుకి వేరే టైటిల్. రెండూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవి. ట్రైలరు కాగితం కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. "మోటారు టైటిల్ ఎక్కడో ఉందండీ, దొరకగానే పంపిస్తా" అంటే, "దొరికాకే డబ్బు పంపిస్తానండీ" అనండి, నవ్వుతూనే. బోటు వెనక చెక్కిన పన్నెండు అక్షరాల నెంబరులో చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. అదీ టైటిల్ మీదదీ ఒకటేనా చూసుకోవాలి. 6.25 శాతం పన్ను మీదే.

ఇదంతా ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పేది ఒక్కటీ ఒక ఎత్తు. మనలో చాలామందికి ఈత రాదు. ప్రతి వేసవిలోనూ ఇక్కడ ఏదో ఒక లేకులో మన కుర్రాళ్ళు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం, వాట్సాప్‌లో దండం బొమ్మలు పెడుతూనే ఉన్నాం. చట్టం ప్రకారం బోటులో ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలి, పదహారడుగులూ ఆపైన అయితే విసరడానికి ఇంకోటి. ఒంటిమీద తప్పనిసరిగా ఉండాల్సింది ఇక్కడ పదమూడేళ్ళ లోపు పిల్లలకే. పెద్దవాళ్ళ విషయం పెద్దవాళ్ళకే వదిలేసింది. నేను వదలను. నా బోటెక్కితే జాకెట్ వేసుకోవాలి, ఫొటోలో బాగోదని విప్పితే వెనక్కి తిప్పేస్తాను. పెద్ద చేపలు పడేది జనవరి, ఫిబ్రవరిల్లో, అప్పుడు నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయంటే ఈతొచ్చినవాడికే చేతులు ఆడవు.

అలాగే కిల్ స్విచ్. నడిపేవాడి ఒంటికి తగిలించుకునే తాడు, మనిషి పడిపోతే మోటారు ఆగిపోతుంది. అది లేకపోతే మనిషి నీళ్ళలో ఉంటాడు, బోటు ఖాళీగా గుండ్రంగా తిరిగి అతని మీదకే వస్తుంది. టెక్సస్‌లో 2019 నుంచి, దేశమంతటా 2021 ఏప్రిల్ నుంచి దీన్ని తగిలించుకోవడం చట్టం. పాత బోట్లలో ఆ తాడు సగం సార్లు పోయే ఉంటుంది. కొత్తది కొనడం, లాగితే మోటారు నిజంగా ఆగుతుందో లేదో చూడటం, బోటు ఇంటికొచ్చిన రోజే చెయ్యాల్సిన పని. 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే ఇక్కడ బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఆన్‌లైన్లోనే అయిపోతుంది. ఆ తేదీకి ముందు పుట్టిన అన్నయ్యలు కూడా కూర్చుని చేసేస్తే వాళ్ళ సొమ్మేం పోదు.

చిన్న బోటులో లోపం లేదని నేననను. వసంతంలో దక్షిణపు గాలి మొదలైతే లేక్ లూయిస్‌విల్ మీద లేచే కెరటాలకి పదిహేడు అడుగుల అల్యూమినియం బోటు డబడబలాడిపోతుంది. నడుం మీద ఆశ వదులుకోవాల్సిందే. కానీ నా దృష్టిలో అది కూడా కొంత మేలే. పెద్ద బోటులో కూర్చున్న కొత్తవాడు "పర్లేదు, వెళ్ళొచ్చు" అనుకునే రోజున, చిన్న బోటువాడు రాంపు మీద నిలబడి నీళ్ళు చూసి, ఇంటికొచ్చి ఇడ్లీ తింటాడు. గాలి గంటకి పదిహేను మైళ్ళు దాటితే నేను బోటు అసలు బయటికి తియ్యను.

అసలు బోటే వద్దు, కయాక్ చాలదా అని అడిగేవాళ్ళున్నారు. చాలు, ఒక్కరే వెళ్ళేవాళ్ళైతే. కొనే ముందు మాత్రం నాలుగైదు వందల డాలర్లు పోతే పోయాయి, లేక్ ఫోర్క్ మీద ఒక గైడుతో ఒక రోజు వెళ్ళండి. రోజంతా ఆయన బోటులో ఏది ఎంతసేపు వాడాడో గమనించండి. పెద్ద మోటారు ఎన్ని నిమిషాలు, ముందు ట్రోలింగ్ మోటారు ఎన్ని గంటలు అని. ఆ లెక్క చూశాక కూడా 250 కావాలంటే నేనింక ఆపను.

కొనడానికి మంచికాలం నవంబర్ నుంచి జనవరి మొదటివారం దాకా. పండగ ఖర్చులూ, స్టోరేజీ అద్దే కలిసి అమ్మేవాడి మనసు మెత్తబడుతుంది, చలికి కొనేవాళ్ళు ఇల్లు కదలరు. మార్చిలో అయితే అదే బోటు కోసం ముగ్గురు లైన్లో ఉంటారు. బడ్జెట్‌లో పావు వంతు పక్కన పెట్టుకుని మిగతాదానితోనే బేరమాడండి. ఆ పావు వంతూ ఇంపెల్లర్‌కీ, బ్యాటరీలకీ, టైర్లకీ, జాకెట్లకీ పోతుంది. డిసెంబర్లో బోటు చేతికొస్తే జనవరి శనివారాలన్నీ వీటికి సరిపోతాయి. ఫిబ్రవరి చివరికి నీళ్ళు కాస్త వెచ్చబడి బాస్ ఒడ్డు వైపు రావడం మొదలెడుతుంది.